కెంటకీలో నాలుగు రోజులు, అమ్మమ్మ చీరలు మూడు

అక్టోబర్‌లో ఒక గురువారం పొద్దున్నే కారు డిక్కీలో కుట్టుమిషను, చిన్న ఇస్త్రీపెట్టె, గుడ్డ కత్తిరించుకునే చాప, ఒక పెద్ద సంచీ నిండా గుడ్డలు సర్దుకుని అమెరికాలోని నాష్‌విల్ నుంచి బయల్దేరాను. సంచీ అడుగున అమ్మమ్మవి మూడు మంగళగిరి నేత చీరలున్నాయి. ఎర్రది, పసుప్పచ్చది, ఆకుపచ్చది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ అవి నా అల్మరాలో మడత విప్పకుండా ఉన్నాయి. కట్టుకోలేను, ఎవరికీ ఇవ్వలేను, అలా వదిలెయ్యడమూ ఇష్టం లేదు. వాటితో క్విల్టు, అంటే గుడ్డ ముక్కలు అతికి, కింద ఇంకో గుడ్డా మధ్యలో దూదీ పెట్టి కుట్టే దుప్పటి, కుట్టాలని అనుకుని రెండేళ్ళుగా వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను కానీ, ఆఫీసు కాల్స్‌కీ పిల్లాడి హోంవర్కుకీ మధ్య దొరికే అరగంటలో నాలుగు ముక్కలు అతికి మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేస్తే ఆ పని ఎప్పటికీ తెమలదు. అందుకే కెంటకీ లేక్ ఒడ్డున నాలుగు రోజుల క్విల్టింగ్ రిట్రీట్, అంటే అందరూ ఒకచోట ఉండి క్విల్టులు కుట్టుకునే శిబిరం, ఉందని తెలియగానే డబ్బు కట్టేశాను. మా ఆయన "వెళ్ళిరా, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి చేరితే చాలు కాబట్టి ముందు పడూకా దాకా వెళ్ళాను. నాష్‌విల్ నుంచి ఐ-24 హైవే మీద రెండు గంటల పైన పడుతుంది. ఒహాయో నది ఒడ్డున చిన్న ఊరు, కానీ క్విల్టు కుట్టేవాళ్ళకి అది తీర్థం లాంటిది. నేషనల్ క్విల్ట్ మ్యూజియం అక్కడే ఉంది, 1991లో తెరిచారు. 2013లో యునెస్కో ఆ ఊరిని చేతిపనులూ జానపద కళల విభాగంలో క్రియేటివ్ సిటీగా గుర్తించింది. ఏటా ఏప్రిల్‌లో జరిగే క్విల్ట్ వీక్‌కి ఊరు ఊరంతా నిండిపోతుందట. నేను వెళ్ళినప్పుడు మాత్రం మ్యూజియంలో పదిమంది కూడా లేరు. గోడలంత క్విల్టులు. దూరం నుంచి చూస్తే బొమ్మ గీసినట్టుంటాయి, దగ్గరికి వెళ్తే ఒక్కో ఆకూ ఒక్కో రెక్కా వేరే గుడ్డ. ముట్టుకోకూడదు. నాకేమో ప్రతిదాన్నీ తిరగేసి వెనక వైపు చూడాలనిపించింది, ఎందుకంటే పని ఎలా జరిగిందో ముందు వైపు కంటే వెనక వైపే ఎక్కువ చెబుతుంది.

వెనక్కి అరగంట ప్రయాణం చేసి రిట్రీట్ చోటుకి చేరాను. చెట్ల మధ్య ఒక పెద్ద లాడ్జి. హాల్లో బల్లలు, బల్లకి ఇద్దరు చొప్పున మొత్తం పద్నాలుగు మంది, ఒక టీచరు. నేను తప్ప అందరూ ఇలాంటి వాటికి ఇదివరకు వచ్చినవాళ్ళే. అందరూ మిషన్లు పెట్టుకోగానే మొదటి అరగంటలోనే కరెంటు పోయింది! ఇస్త్రీపెట్టెలన్నీ మిషన్లున్న లైనుకే తగిలించడంతో బ్రేకర్ పడిపోయింది. తర్వాత ఇస్త్రీ బల్లల్ని వంటగది వైపు వేరే లైనుకి మార్చారు. ఇది రాయడం ఎందుకంటే ఎవరైనా నలుగురు కలిసి ఇంట్లో ఇలా కుట్టుకుందామనుకుంటే ముందు ఈ సంగతి చూసుకోండి.

నా మిషను దగ్గర వేరే టెన్షన్. కుట్టు మొదలుపెట్టగానే గుడ్డ కింద దారం ఉండలు ఉండలుగా చుట్టుకుపోతోంది. బాబిన్ మార్చాను, సూది మార్చాను, దారం మార్చాను, అయినా అంతే. నా పక్క సీటు పెద్దావిడ లేచి వచ్చి ఒక్క మాట అడిగింది, దారం ఎక్కించేటప్పుడు ప్రెసర్ ఫుట్, అంటే గుడ్డని నొక్కి పట్టే పాదం, పైకి ఉందా కిందకి ఉందా అని. కిందకే ఉంది. ఫుట్ దించి ఉంచితే లోపల దారాన్ని పట్టి ఉంచే బిళ్ళలు మూసుకుపోతాయి, దారం వాటి మధ్యలోకి వెళ్ళదు, అందుకే బిగువు ఉండక కింద ఉండ కడుతుంది. ఫుట్ ఎత్తి మళ్ళీ దారం ఎక్కించాను, కుట్టు గీత గీసినట్టు వచ్చింది. నాలుగు నెలలుగా మిషను పాడైందనుకుంటున్నాను నేను. ఆవిడ వాడేది సింగర్ ఫెదర్‌వెయిట్ అనే చిన్న నల్ల మిషను, ఆ మోడల్ 1933లో వచ్చింది, బరువు ఐదు కిలోలే. ఇప్పటికీ దాన్ని క్విల్టర్లు వెతికి వెతికి కొనుక్కుంటారు. చప్పుడు కూడా చాలా చిన్నది, పక్కన కూర్చుంటే నిద్రపట్టేలా ఉంటుంది.

మాకు నేర్పిన డిజైను లాగ్ కాబిన్, అంటే దుంగల ఇల్లు. 1860ల నుంచీ అమెరికాలో బాగా ప్రాచుర్యంలో ఉన్న డిజైను ఇది. మధ్యలో ఒక చదరపు ముక్క, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు సన్నటి పట్టీలు, ఒక మూల వైపు రెండు పక్కలా లేత రంగులు, ఎదురు మూల వైపు ముదురు రంగులు. నడిమి ముక్క ఎక్కువగా ఎర్రది పెడతారు, ఇంట్లో పొయ్యికి గుర్తుగా అని చెబుతారు. ఈ మాట విన్నాక ఇంకేమీ ఆలోచించలేదు, అమ్మమ్మ ఎర్ర చీర తీసి పమిట చివర రెండున్నర అంగుళాల పట్టీ ఒకటి కత్తిరించాను. చేతులు వణికాయి. చీర వెడల్పంతా కత్తిరిస్తే పద్దెనిమిది ముక్కలు వచ్చాయి. గుంటూరు జిల్లాలో కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి చీర, పొయ్యి అనే ముక్కకి అంతకంటే తగిన గుడ్డ ఏముంటుంది.

రెండో రోజంతా పావు అంగుళంతోనే గడిచింది. అది చెప్పాలి మీకు, ఎందుకంటే వీడియోల్లో ఎంత చూసినా నాకు అర్థం కాని విషయం అదే. రెండు ముక్కలు కలిపి కుట్టేటప్పుడు అంచు నుంచి పావు అంగుళం లోపలికి కుట్టాలి, అందరికీ తెలుసు. కానీ సరిగ్గా పావు అంగుళం కుడితే తప్పొస్తుంది. కుట్టాక గుడ్డ మడతపడుతుంది, ఆ మడత దగ్గర గుడ్డ మందమూ దారం మందమూ కలిసి వెంట్రుకంత వెడల్పుని తినేస్తాయి. అందుకని పావు కంటే ఒక నూలుపోగంత తక్కువ కుట్టాలి. ఒక్క కుట్టులో ఇది కంటికి కనిపించదు. కానీ లాగ్ కాబిన్ బ్లాకులో, అంటే నడిమి ముక్కా పట్టీలూ కలిసిన ఒక్కో చదరంలో, ఈ చివర నుంచి ఆ చివరకి ఇలా అతికే కుట్లు ఆరుంటాయి. నేను ఒక్కో కుట్టులో అంగుళంలో ముప్పై రెండో వంతు ఎక్కువ లోపలికి వెళ్ళానట, రెండు పక్కలా కలిపి ఒక్కో కుట్టుకి పదహారో వంతు పోయింది, ఆరు కుట్లకి పావు అంగుళం దాటి ఇంకా ఎక్కువే పోయింది. ఎనిమిదిన్నర అంగుళాలు రావాల్సిన బ్లాకు ఎనిమిది మీద పిసరంత వచ్చింది. టీచరు దాన్ని పక్కవాళ్ళ బ్లాకు మీద పెట్టి చూపించింది, ఇంకేమీ అనలేదు.

విప్పాను. నాలుగు బ్లాకులు, పట్టీలు అతికిన కుట్టు వరసలు నలభై ఎనిమిది, మధ్యాహ్నం మొత్తం. కుట్టు విప్పడం చిన్నప్పుడు జాకెట్లు లూజు చేసేటప్పుడు బ్లేడుతో చేసేవాళ్ళం, ఇక్కడ సీమ్ రిప్పర్ అని రెండు కొమ్ముల చిన్న కత్తి ఇస్తారు, మూడు నాలుగు కుట్లకొకటి తెంపి వెనక దారం లాగితే మొత్తం జారి వస్తుంది, గుడ్డ చిరగదు. అలాగే ఇస్త్రీ గురించి కూడా ఒకటి తెలిసింది. మనం చొక్కా ఇస్త్రీ చేసినట్టు పెట్టెని అటూ ఇటూ రుద్దకూడదు, అలా చేస్తే సన్న పట్టీలు సాగి వంకర తిరుగుతాయి. పెట్టాలి, నొక్కాలి, ఎత్తాలి. మళ్ళీ పక్కన పెట్టాలి. ఈ రెండూ సరిచేసుకున్నాక సాయంత్రానికి కుట్టిన బ్లాకు కొలిస్తే సరిగ్గా ఎనిమిదిన్నర ఉంది. ఆ అంకె చూసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

తిండి గురించి పెద్దగా రాయను. మూడు పూటలా వాళ్ళే వండి పెట్టారు, శాకాహారానికి ఇబ్బంది కాలేదు. నేను జంతికలు తీసుకెళ్ళాను, అందరూ తిన్నారు. అయితే నూనె వేళ్ళతో గుడ్డ ముట్టుకుంటారని తినేవన్నీ వంటగదిలోనే ఉంచాలనే నియమం ఉంది, మంచి నియమం.

ఆ రాత్రి ఒక్కొక్కరూ ఇంటి నుంచి తెచ్చిన పాత క్విల్టు చూపించారు. ఫెదర్‌వెయిట్ పెద్దావిడ తెచ్చింది వాళ్ళ నాయనమ్మ 1930ల్లో కుట్టినది. ఆ కరువు రోజుల్లో పిండీ కోళ్ళ దాణా పువ్వుల గుడ్డ సంచుల్లో వచ్చేవి, ఆడవాళ్ళు ఆ సంచులు విప్పి ఉతికి గౌన్లూ దుప్పట్లూ కుట్టుకుంటారని కంపెనీలే అందమైన అచ్చులు వేయించేవి. ఆ క్విల్టు ఒక మూల చిరిగి ఉంది, లోపల దూది కనిపించాలి కదా, దూది లేదు, ఇంకో పాత క్విల్టు ఉంది. అరిగిపోయిన దాన్ని పారెయ్యకుండా లోపల పెట్టి పైన కొత్త గుడ్డ వేసి మళ్ళీ కుట్టేశారు. అది చూడగానే నాకు మా ఇంటి అటక మీది బొంత గుర్తొచ్చింది. మా బొంత లోపల కూడా ఇంకో బొంత ఉండేది!

తర్వాత టీచరు అలబామాలో గీస్ బెండ్ అనే ఊరి గురించి చెప్పింది. అలబామా నది మూడు వైపులా చుట్టిన పల్లె, బానిసలుగా తెచ్చిన వాళ్ళ వారసులు అక్కడ ఉంటారు. అక్కడి ఆడవాళ్ళు పొలంలో వేసుకుని అరిగిపోయిన ప్యాంట్లూ చొక్కాలతో క్విల్టులు కుట్టేవాళ్ళు, మోకాళ్ళ దగ్గర వెలిసిన మచ్చ కూడా అలాగే కనిపిస్తుంది వాటిలో. ఓటు హక్కు పోరాటాల రోజుల్లో, 1966లో, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకుని కుట్టినవి అమ్ముకున్నారు. 2002లో ఆ క్విల్టులు హ్యూస్టన్ మ్యూజియంలోనూ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి, 2006లో వాటి బొమ్మలతో పోస్టల్ స్టాంపులు వచ్చాయి. నేను వింటూ మన మాట ఒకటి తలుచుకున్నాను. మనకి "అతుకుల బొంత" అంటే తిట్టు. పొసగని పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పేపర్లో అతుకుల బొంత అని రాస్తారు. నిజం బొంత కుట్టిన వాళ్ళెవరూ ఆ మాట అలా వాడరనుకుంటాను. అతుకు ఊడకుండా నిలబెట్టడం ఎంత పనో రెండో రోజు సాయంత్రం నా వేళ్ళకి తెలుసు.

మూడో రోజు పొద్దున్న అసలు పని. ముదురు పట్టీలన్నీ అమ్మమ్మ చీరల నుంచి తీయాలని నా ప్లాను. పసుప్పచ్చ చీర మడత విప్పి చాప మీద పరిచి రోటరీ కట్టర్‌తో, అంటే చక్రంలాంటి బ్లేడున్న కత్తితో, ఒక పట్టీ తీశాను. చేత్తో పట్టుకోగానే రబ్బరులా సాగింది. గంజి పెట్టకపోవడం వల్ల అనుకున్నాను, నిజానికి టీచరు కూడా పాత మెత్తటి గుడ్డకి ముందు స్టార్చ్ స్ప్రే చేసి ఆరబెట్టి కత్తిరించమని చెప్పింది, అది మన గంజే. స్టార్చ్ కొట్టి మళ్ళీ తీశాను. ఈసారి సాగలేదు కానీ సూది పడిన చోటల్లా పోగులు విడిపోతున్నాయి. టీచరు వచ్చి చీరని కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. వెలుతురులో అంతా కనిపించింది. పమిట వైపు, లోపలికి దోపుకునే వైపు నేత గట్టిగా ఉంది. మధ్యలో, కూర్చున్నప్పుడు ఒరుసుకునే భాగమంతా జల్లెడ. అమ్మమ్మ ఎక్కడ కూర్చుందో, ఎటువైపు కుచ్చిళ్ళు దోపేదో ఆ గుడ్డలో అలాగే ఉంది. నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

వెనక అతుక్కునే పల్చటి అస్తరు ఇస్త్రీతో అంటిస్తే కత్తిరించవచ్చు, కానీ గుడ్డ బిరుసెక్కుతుంది, ఈ మెత్తదనం ఉండదు, ఇది కత్తిరించడానికి పనికొచ్చే గుడ్డ కాదు అంది టీచరు. అప్పుడు వెనక బల్ల నుంచి ఒకామె, నువ్వు ఇండియా నుంచి కదా, కవంది తెలుసా అని అడిగింది. తెలీదు నాకు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో, ఎల్లాపూర్, హళియాళ్, ముండగోడ్ వైపు, సిద్దీలని ఉంటారు. శతాబ్దాల కిందట ఆఫ్రికా నుంచి మన దేశానికి వచ్చిన వాళ్ళ సంతతి. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంత పేరు కవంది. ముందు పైభాగం అంతా అతికి పెట్టుకోవడం, కొలతలు, ఇవేవీ ఉండవు. కింద ఒక చీర పరుస్తారు, అంచు దగ్గర మొదలుపెట్టి ముక్క అంచు లోపలికి మడిచి పెట్టి కుడుతూ, చుట్టూ తిరుగుతూ, మధ్యకి చేరతారు. నాలుగు మూలలా పువ్వులని చిన్న మడత ముక్కలు కుడతారు, అవి లేకపోతే బొంత బోసిపోయినట్టే వాళ్ళకి. పక్క రాష్ట్రం బొంత గురించి నేను కెంటకీలో విన్నాను. ఇన్నాళ్ళూ తెలీనందుకు బాధ కలిగింది. కాంతా పేరుతో బెంగాల్ కుట్టు షోరూముల్లో ఎంత ధర పలుకుతోందో మనకి తెలుసు, అలాంటి పనే చేసిన మన ఊళ్ళ బొంతకి ఒక పేరూ రాలేదు, ధరా రాలేదు.

అప్పుడే మా అమ్మకి ఫోన్ చేశాను. తెనాలిలో రాత్రి పది దాటింది. "కత్తిరించడమేమిటే, బొంతకి చీర కత్తిరిస్తారా ఎవరైనా? మూడు మడతలెయ్యి" అంది. ఆరు గజాల చీర మూడు మడతలేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకి కాస్త తక్కువ వెడల్పు, మనిషి కొలత. ఇంత చిన్న లెక్క రెండేళ్ళుగా నాకు తట్టలేదు. చిరుగులున్న చీర ఎప్పుడూ లోపల పెట్టాలి, గట్టిది పైనా కిందా అంది. అమ్మమ్మ వేసవిలో వరండాలో చాప మీద బొంత పరుచుకుని, పెద్ద సూదీ నాలుగు పేటల దారంతో కుడుతుంటే, ముడత పడకుండా ఆ చివర కూర్చోవడం తన పనిగా ఉండేదని, లేస్తే తిట్టేదని చెప్పింది. ఇది ఇదివరకెప్పుడూ నాతో చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లలు జరిపి నేల తుడిచి ఎర్ర చీర ఒక మడత పొడవున పరిచాం. ముడత లేకుండా లాగి చుట్టూ టేపు అంటించాం. దాని మీద పసుప్పచ్చ చీర మూడు మడతలు. దాని పైకి మిగిలిన ఎర్ర చీర తిప్పి రెండు మడతలు. కత్తెర పెట్టకుండా మొత్తం ఆరు పొరలు. నలుగురం మోకాళ్ళ మీద కూర్చుని మధ్య నుంచి బయటికి అరచేతులతో నిమురుకుంటూ బెత్తెడుకొక పిన్నీసు పెట్టాం. మిగతావాళ్ళు తమ పని ఆపి వచ్చారు, ఎవర్నీ నేను పిలవలేదు. పమిట చివర నేను కత్తిరించిన రెండున్నర అంగుళాలు తగ్గిన చోట అంచు లోపలికి మడిచాను. ఆకుపచ్చది అమ్మ కోసం అలాగే ఉంచాను.

ఆ సాయంత్రం నుంచి ఇక మిషను ముట్టుకోలేదు. మ్యూజియంలో చూసిన వాటికి అంగుళానికి పదీ పన్నెండు కుట్లుంటాయి. ఆరు పొరల్లోంచి సూది దూర్చేటప్పుడు నాకు అంగుళానికి మూడు వస్తున్నాయి, బొంతకి అది చాలు. వేలికి తొడిగే థింబుల్ మొదట అడ్డంగా అనిపించింది, ఒక గంట తర్వాత అది లేకుండా కుట్టలేననిపించింది. సూదిని నిలువుగా పొడిచి, మళ్ళీ పక్కకి వాల్చి, మూడు నాలుగు కుట్లు సూది మీదే ఎక్కించుకుని ఒకేసారి దారం లాగడం పెద్దావిడే నేర్పింది. చేయి లయలో పడ్డాక మాటలు కూడా వాటంతటవే వచ్చాయి. ఆవిడ భర్త పోయిన సంగతి, ఆయన చొక్కాలు ఇంకా కత్తిరించలేకపోతున్న సంగతి ఆ కుట్టు మధ్యలోనే చెప్పింది, తల ఎత్తకుండా. నేనూ తల ఎత్తకుండానే విన్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మూడు మాటలు. మెడా భుజాలూ పట్టేస్తాయి, గంటకొకసారి లేచి సరస్సు దాకా నడిచి రండి. కుర్చీ మీద వేసుకోవడానికి దిండు తీసుకెళ్ళండి, ఆ బల్లలు కుట్టుకి ఎత్తెక్కువ. రోటరీ కట్టర్ చేతిలోంచి కింద పెట్టే ప్రతిసారీ బ్లేడు మూసెయ్యండి. పూర్తిచేసి తిరిగి రావాలనుకోవద్దు. నేను తొమ్మిది లాగ్ కాబిన్ బ్లాకులతో వచ్చాను, అన్నిటికీ నడుమ అమ్మమ్మ ఎర్ర చీర ముక్క ఉంది, మూడు మూళ్ళుగా కలిపితే రెండడుగుల చదరం అవుతుంది, గోడకి పెడతాను.

బొంత ఇప్పుడు మా హాల్లో నేల మీద ఉంది. అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ, రెండు వేళ్ళ ఎడంతో కుడుతున్నాను. లెక్క వేశాను, పంతొమ్మిది చుట్లు, మొత్తం దాదాపు 230 అడుగుల కుట్టు. రిట్రీట్‌లో రెండు చుట్లయ్యాయి. ఇప్పుడు ఏడో చుట్టులో ఉన్నాను. నేను కుడుతుంటే పిల్లాడు ఆ చివర కూర్చుంటున్నాడు, లేస్తే ముడత పడుతోంది.